ఏమీ దాచుకోని పెట్టె

కొత్త చీర మగ్గం ఎక్కించే ముందు తులశమ్మ ఏ అంచు వేయాలని ఇంట్లో మాట్లాడే కంప్యూటర్ గోడను అడిగేది. గోడ ఎప్పుడూ నాలుగు అంచులే చూపించేది. జనానికి నచ్చేవి అవేనట. ఆమె సొంతంగా గీసిన నెమలికన్ను అంచును దానికి అప్పజెప్పి ఆరేళ్లయింది. ఒక్కసారీ చూపించలేదు. వాళ్ల నాన్న గీసినవీ అంతే. పేరు పెట్టి అడుగుదామంటే వాటి పేర్లు తెలిస్తేగా.

అందుకే చీరాలలో నేత సంఘం గదికి వచ్చింది. ఒకప్పుడు సంఘం నేతగాళ్ల అంచులన్నీ ఎక్కించిన, మూలనున్న పాత కంప్యూటర్ ముందు నిలబడి, "మా నాన్న అంచులు చూపించు నాయనా" అని మర్యాదగా అడిగింది. నల్లటి తెర మీద చిన్న గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది తప్ప బదులు రాలేదు.

"దానికి చెవుల్లేవమ్మాయ్," అన్నాడు భావనారాయణ, ఒకప్పటి సంఘం గుమాస్తా. లోపలున్నవాటి జాబితా చూపమంటూ డి, ఐ, ఆర్ అని మూడక్షరాలు కొట్టాడు.

అంచుల పేర్లు వరసగా పైకి పాకాయి. నాన్నవి, ఆయన గురువువి, ఎవరూ కొననివి, సగంలో ఆపేసినవి కూడా. ప్రతిదాని పక్కనా దాచిన తేదీ. తులశమ్మ కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చుంది.

"ఏది కావాలని అడగలేదేంది ఇది?"

"అడగదు. ఉన్నయ్యన్నీ చెప్పుద్ది."

ఆఖరి వరసలో పెద్ద అంకె ఒకటి నిలిచింది.

"అదేంది?"

"ఇంకా ఎంత ఖాళీ ఉందో చెబుతోంది."

ఖాళీని కూడా దాచుకోని ఆ తెరను ఆమె చూసింది. తర్వాత సంచిలోంచి నెమలికన్ను అంచు గీసిన, మడతలు నలిగిన గ్రాఫు కాగితం తీసింది.

"అయితే నాది కూడా ఎక్కించు బాబాయ్."