లేయర్ తీసేశాక

మా పాప మహిమ మొదటి పుట్టినరోజు వీడియోలో, దాని తల మీద చెయ్యి వేసి మా అత్త నిలబడి ఉంది. ఆ పుట్టినరోజుకి ఆరు నెలల ముందే ఆమె చనిపోయింది.

"ఎవరు పెట్టమన్నరు?" అన్నాను, నిద్రపోతున్న మహిమని భుజాన సర్దుకుంటూ. చీకటి పడింది. పర్ణశాల రోడ్డులో ఆ స్టూడియో ఒక్కదానిలోనే లైటు వెలుగుతోంది.

"మీ ఆయనే, ప్రభన్న చెప్పిండక్కా. పోయిన పెద్దోళ్లు దీవించినట్టు అందరు గిట్లనే పెట్టిచ్చుకుంటరు," అన్నాడు ఎడిటర్ పర్వేజ్.

"ఆడపిల్ల పుట్టిందని, ఆమె బతికున్నప్పుడు నా బిడ్డను ఒక్కసారన్న ముట్టలే. ఇప్పుడు దీవెనలేంది? జల్దీ తీసెయ్!"

అతను నవ్వాడు. "ఫొటోని వీడియో మీద అతికించిన, అంతే. ఈ లేయర్ తీసేస్తే పోతది."

తెర మీంచి అత్త పోయింది. కేకు ముందు మహిమ ఒక్కతే మిగిలింది. కానీ పాప ఉన్ని టోపీ మీద అయిదు వేళ్ల గుంట అలాగే ఉంది.

"ఇది గూడ నీ పనేనా?"

"కాదక్కా. ఇది అసలు వీడియో. దీన్ని నేను ముట్టలే." అతని గొంతు తగ్గింది.

నాకు భయం కన్నా కోపమే ముందొచ్చింది. "నా బిడ్డ మీంచి చెయ్యి తియ్యి!" అని తెర మీదికి అరిచాను.

తెర మీద గుంట పోయి, టోపీ మెల్లగా పొంగింది.

నా భుజం మీద నిద్రపోతున్న మహిమ కిలకిలా నవ్వింది. నా చెంప పక్కన, దాని తల మీది అదే ఉన్ని టోపీ అయిదు వేళ్ల గుంటగా అణగసాగింది.