విద్యాశాఖ అద్దం

కూతురికి చదువు రాకపోవడానికి తల్లే కారణమని అద్దం తేల్చేస్తుందేమోనన్నదే పైడితల్లికి అన్నిటికన్నా పెద్ద భయం. ఏడో తరగతిలోనే బడి మానేసిన మనిషి ఆమె.

ఆ అద్దాన్ని విద్యాశాఖ ఇంటింటికీ ఇచ్చింది. పొద్దున్నే పిల్లలకు తల దువ్వే వేళకు అందులో నాలుగు వాక్యాలు కనిపిస్తాయి. పిల్ల చదువుతుంటే అది కళ్ళ కదలిక చూస్తుంది. చదవలేకపోవడం పుట్టుకతో వచ్చిన ఇబ్బందని తేలితే బడిలో వేరే టీచరమ్మను పెడతారు. ఇంట్లో నేర్పే దిక్కులేక వెనకబడిందంటే మాత్రం ఎవరూ రారు.

ఈరోజే ఆఖరి పరీక్ష. కూతురు మేఘన రెండో వరసలోనే తడబడింది. జడ అల్లుతున్న పైడితల్లి ఉండబట్టలేక వెనకనుంచి అందించబోయింది. ఆమె చూపూ అక్కడే జారి, పై వరసకు పోయింది.

"నీకూ రాదేటమ్మా?" పిల్ల కిసుక్కున నవ్వింది.

"నోరు ముయ్యే, తల కదపకు!"

"అమ్మా, మీరు మళ్ళీ చదవండి," అంది అద్దం.

"నన్నెందుకండీ? నేను మొద్దునని మా మాస్టారు ఎప్పుడో తేల్చీసినారు."

అయినా చదివింది. చూపు మళ్ళీ అక్కడే జారింది.

"మీ ఇద్దరికీ ఒకే ఇబ్బంది, పుట్టుకతో వచ్చినదే. పాపకు టీచరు వస్తారు."

"మరి నాకు?"

"పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళు మా పరిధిలోకి రారమ్మా."

పైడితల్లికి చెల్లెలు గుర్తొచ్చింది. ఇలాగే మొద్దనిపించుకుని బడి మానేసిన ఢిల్లీశ్వరి పలాసలో జీడిపిక్కలు ఒలుస్తోంది. ఈమధ్య ఎవరితోనూ మాట్లాడటం లేదట. ఇది చదువుతున్న మీరు అటు వెళితే ఆమెను ఒకసారి పలకరించి రండి. మొద్దు కాదని చెప్పండి.