గోడ మీద బిళ్ళ

ఐలేశ్ గని దిగుతాడేమో అన్నదే పద్మలతకు అన్నిటికన్నా పెద్ద భయం. పెండ్లికి ముందే బొగ్గు ముట్టనని అతని చేత ఒట్టు వేయించుకుంది. ఆమె అన్న శ్రీపాల్ గని కప్పు కూలి చనిపోయాడు. శవాన్ని పుట్టింటికి, రఘునాథపల్లికి తెచ్చాక ఆ ముఖాన్ని ఎంత కడిగినా నలుపు పోలేదు.

ఇప్పుడా భయం లేదు. ఏడాదిన్నరగా ఐలేశ్ సోలార్ ప్లాంటుకు పోతున్నాడు. ఇప్పుడున్నదంతా మామ కట్టయ్య మీద అనుమానమే.

"మీ మామ నిన్న గూడ మా నల్లా కాడ బట్టలు పిండిండక్కా," అంది పక్క క్వార్టర్ జైనబ్, గోడ మీదుగా కూర గిన్నె అందిస్తూ. "నీళ్ళన్నీ నల్లగైనయి."

"మాకు నల్లా లేదా? మీ కాడెందుకు?"

"గదే నేనూ అడిగిన. కోడలిని పరేషాన్ చేసుడెందుకు అన్నడు."

పద్మలతకు మొత్తం అర్థమైనట్టే అనిపించింది. కట్టయ్య ముప్పై ఏళ్ళు గనిలో చేసి రిటైరైన మనిషి. రోజూ రెండు దాటాక ఖాళీ సంచితో బయలుదేరతాడు. నాలుగింటికి సంచి బరువుగా ఉంటుంది. లారీల నుంచి పడిన బొగ్గు ఏరి ఏ హోటల్‌కో అమ్ముతున్నాడు. రేపు ఎవరైనా పట్టుకుంటే? దొంగ కొడుకని సోలార్ వాళ్ళు ఐలేశ్‌ను తీసేస్తే? భూపాలపల్లిలో ఇంకేం పని ఉంది, గని తప్ప?

"మీ ఆయన నసీబున్నోడు," అంది జైనబ్. "సోలార్ అద్దాలు బిగించేటప్పుడు మూడు వందల మంది కావాల్నన్నరు. బిగించుడు అయిపోంగనే మా ఆయన కైసర్‌ను తీసేసిండ్రు. ఇగ తుడిచేటందుకు పది మంది చాలునట."

"ఆ పది మందిల మా ఆయన ఒకడు," అంది పద్మలత. ఆ గర్వం ఆమె గొంతులో దాగలేదు.

జేబు మీద సూర్యుడి బొమ్మ ఉన్న ప్లాంటు నీలం చొక్కా రోజూ తనే ఇస్త్రీ చేసి ఇస్తుంది. ఆ పొద్దున మూడో గుండీ ఊడితే, నీలం దారం లేక ఎర్ర దారంతో కుట్టింది. పొద్దున ఎట్లా పోతుందో ఆ చొక్కా సాయంత్రం అట్లాగే తిరిగొస్తుంది. మే ఎండల్లో కూడా మనిషి నల్లబడలేదు. నీడలో పని ఇచ్చారనుకుంది. ఫోన్ మాత్రం డ్యూటీలో ఎప్పుడూ కలవదు. అద్దాల నడుమ సిగ్నల్ ఉండదని అతను చెప్పాడు.

మధ్యాహ్నం మామకు అన్నం పెట్టింది. టీవీలో దేశం కరెంటు గురించి చెబుతున్నారు. ఏటేటా సోలార్ ఎంత పెరిగిందో గీత గీసి చూపిస్తున్నారు.

"చూసినవా మామా? ఇగ బొగ్గు పనైపోయింది."

"నా పెండ్లప్పుడు మా ఊరు పెద్దవంగరల కందిళ్ళే బిడ్డా. మేం తవ్విన బొగ్గుతోటి ఊరూరికి బల్బులొచ్చినయి. సోలార్ పెరుగుతున్నది, కాదంటలే. గని మాత్రం ఆగుతలే. దేశంల నూరు బల్బులు వెలిగితే, గిప్పటికీ డెబ్బై దాకా బొగ్గువే."

"ఎండ పనిల కప్పు కూలి ఎవ్వరూ సావరు గదా."

కట్టయ్య అన్నం కలుపుతున్న చేయి ఆగింది. దగ్గు వచ్చి లేచిపోయాడు.

పద్మలత మూడేళ్ళ బిడ్డ స్టూలెక్కి, గోడ మేకుకున్న ఇత్తడి బిళ్ళను అందుకోబోయింది.

"ముట్టకు," అన్నాడు కట్టయ్య గట్టిగా.

గని దిగేవాళ్ళు బోర్డుకు బిళ్ళ తగిలించి పోయేవారట. పైకొచ్చాక ఎవరిది వాళ్ళు తీసుకునేవారట. బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఆ అలవాటు కట్టయ్యకు ఇంట్లో కూడా పోలేదు. ఐలేశ్ పొద్దున గడప దాటగానే ఆయన బిళ్ళ తగిలిస్తాడు. సాయంత్రం కొడుకు కాళ్ళు కడుక్కున్నాక తీస్తాడు.

"సోలార్‌కు పోయేటోనికి బిళ్ళెందుకు మామా?" అంది నవ్వుతూ.

"అలవాటు బిడ్డా," అన్నాడు. సంచి తీసుకుని బయటికి నడిచాడు.

ఈరోజు సంచి పట్టుకోవాల్సిందే అనుకుంది పద్మలత. ఐలేశ్ ఎదుటే తేల్చాలి.

నాలుగైంది. మామ రాలేదు. ఐదైంది. ఐలేశ్ వచ్చే వేళ కూడా దాటింది. ఆరు కావస్తుండగా కట్టయ్య గడపలో కనిపించాడు. ఎంతో దూరం పరుగెత్తిన మనిషిలా ఉన్నాడు.

"వాడొచ్చిండా?"

"ఇంకా రాలే. మాట మార్చకు మామా. సంచిల ఏమున్నది?"

"ఇంకో తొవ్వల ఇంటికొచ్చిండేమో అనుకున్న."

"సంచిల ఏమున్నదని అడుగుతున్న. కాలనీ మొత్తం చూస్తున్నది నీ బొగ్గు దందా. నీ కొడుకు నౌకరి పోతే నువ్వు తెస్తవా?"

కట్టయ్య సంచిని వెనక్కి దాచుకోబోయాడు. ఆమె సంచి లాక్కుంది. తేలికగా ఉంది. బోర్లించింది. బొగ్గు పడలేదు. నీలం చొక్కా పడింది. మడత చెదరలేదు. మూడో గుండీకి ఎర్ర దారం.

"ఇది నీ కాడెందుకున్నది?"

"రోజూ గిది తొడుక్కొని, ఇప్పిన బట్టలు నాకిచ్చేటోడు," అన్నాడు ముసలాయన. ఆమె ఫోన్ చేసింది. కలవలేదు. మళ్ళీ చేసింది. మామ చూపు పోయినవైపే ఆమె చూపూ పోయింది.

బిళ్ళ ఇంకా మేకుకే ఉంది.

అటు దగ్గర్లో ఎవరైనా ఉంటే, ఐలేశ్ గనిలోంచి పైకొచ్చాడేమో జర చూడండి.