ఇనుము సోకని గది

అప్పటి తార్నాక అంటే ఎండ, ఖాళీ జాగాలు, మూలమీద ఒక ఇరానీ హోటలు. ఆ హోటల్ రేడియో గురగుర ఇప్పటికీ బుచ్చిబాబు చెవుల్లో ఉంది.

"ఖరాబ్ హో గయా సాలా," అంటూ హోటలాయన దాని నెత్తిన ఒకటిచ్చాడు.

రేడియోకేం రోగం లేదని బుచ్చిబాబుకు తెలుసు. చాయ్ సగంలోనే వదిలేసి లేచాడు.

రోగమంతా పైనున్న గాలికి. సూర్యుడు విసిరిన తుఫాను వచ్చి భూమి అయస్కాంతాన్ని కుదిపేస్తే, పై గాలి వేడెక్కి పొంగుతుంది. రేడియో అలల్ని తిప్పి నేలకు పంపే పొర చెదిరిపోతుంది.

గోదావరి జిల్లా నుంచి వచ్చి, యూనివర్సిటీ కొలువులో చేరి, అతను కాచుక్కూర్చున్నది ఇలాంటి తుఫాను కోసమే. దానికి భూమి అయస్కాంతం ఊగిన ఊగు కాగితం మీద గీతగా దక్కితే థీసిస్ గట్టెక్కినట్టే. దక్కకపోతే మళ్లీ అంతటిది ఎప్పుడొస్తుందో దేవుడికెరుక.

గీత గీసే పరికరం క్యాంపస్ చివర చీకటిగదిలో ఉంది. రోజూ పొద్దున్నే ఫోటో కాగితం మార్చాలి. మార్చకపోతే తుఫాను వచ్చినా రానట్టే.

అది అరవై తొమ్మిది వేసవి. తెలంగాణ ఉద్యమంతో క్యాంపస్ మూతపడింది. ఆంధ్రావాళ్లు ఆ ఛాయలకే పోవడం లేదు.

మలుపులో గడ్డం కుర్రాడొకడు సైకిలు అడ్డం పెట్టాడు. చొక్కాకు ఉద్యమం బ్యాడ్జీ.

"ఏడికి?"

"క్యాంపస్‌కండీ. కాగితం మార్చాలి."

"ఆంధ్రోనివి. తంతరు, ఎరికేనా?"

"తెలుసండీ. అయినా వెళ్లాలి."

కుర్రాడు కాసేపు అతని మొహంలోకే చూశాడు.

"కూసో ఎనుక."

ఎక్కనంటే ఏంచేస్తాడోనని బుచ్చిబాబు ఎక్కాడు.

దారిలో విద్యార్థులు ఆపారు. "మనోడే, పోనియ్యిరి," అన్నాడు కుర్రాడు.

వాళ్లు దాటగానే తిట్లు మొదలెట్టాడు.

"మా కొలువులన్ని మీరే తింటిరి. ఇగ ఆకాశం గూడ మీకే కావాల్నా?"

గది అల్లంత దూరాన ఉండగానే కుర్రాడు దిగి, సైకిలు పొదల్లోకి నెట్టేశాడు. దొంగ సైకిలు కాబోలు అనుకున్నాడు బుచ్చిబాబు.

తను మామూలుగానే బెల్టు, వాచీ, మేకుల చెప్పులు అక్కడే విప్పేశాడు. ఆ గదికి ఇనుము సోకకూడదు. గుండుసూది చేరినా గీత వంకరపోతుంది. ఇక బండే వచ్చిందంటే చెప్పక్కర్లేదు.

"నేను వచ్చేదాకా ఉంటారా?" బతిమాలాడు.

"జల్ది గానియ్యి."

లోపల ఎర్రదీపం వెలుగులో పని చేస్తుండగా జీపు చప్పుడు వినిపించింది. పోలీసులు. అది గది దాకా వస్తే తుఫాను గీతంతా గంగపాలు.

బయట ఎవరో పరుగెత్తారు. దూరాన కేకలు. జీపు అక్కడే ఆగి, కాసేపటికి వెనక్కి మళ్లింది.

బయటికొస్తే కుర్రాడు లేడు.

"పారిపోయాడు పిరికివెధవ," అనుకుంటూ బిక్కుబిక్కుమని తార్నాక చేరాడు.

మర్నాడు చాటుగా వెళ్లి తీసి, కడిగి ఆరబెట్టిన కాగితం మీద తుఫాను గీత పూర్తిగా పడింది. ఎక్కడా వంకర లేదు.

క్యాంపస్ తెరిచాక ఒక విద్యార్థి చెప్పాడు. "ఆ దినం మిమ్ముల సైకిల్ మీద తెచ్చిన సంజీవన్న జీపుకు ఎదురురికిండు సార్. ఆడనే కొట్టి పట్కపోయిన్రు."

బుచ్చిబాబు ఆ సాయంత్రమే వెతుక్కుంటూ లాలాగూడ రైల్వే క్వార్టర్లకు వెళ్లాడు. సంజీవ్ చెల్లెలు కృపారాణి తలుపు తీసింది.

"అన్న లేడు సార్. ఛాతిల దెబ్బలు మానలే. వానలు పడంగ పోయిండు."

బుచ్చిబాబు గడప మీదే కూర్చున్నాడు.

"నా కోసం ఎందుకెళ్లాడమ్మా? దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉన్నాడు."

"మీ కోసం గాదేమో సార్. మీరు రాకముందు గా గదిల దినాం కాగితం మార్చింది మా అన్ననే, మీకు కొలువిచ్చేటందుకే ఆయన్ని తీసేసిన్రు."