పన్నెండుకల్లా దూలం ఎక్కాలి

కొండదారిన నడిచొచ్చిన జెర్వే నోరు తెరిచేలోపే చేతిలో తాడు పడింది.

"చూస్తావేంరా పొడుగోడా, పట్టు!" క్లోటిల్డమ్మ కేక వేసింది.

పట్టుకున్నాడు. కూడ్మెన్ అంటే, ఊరంతా కలిసి చేసే సాయం పని అంటే, అంతే మరి. శంఖం ఊదగానే కొండ చుట్టూ ఉన్న నాలుగూళ్లూ కదిలొస్తాయి. వచ్చినవాడికి ముందు పని, తర్వాత తిండి. పేరూ ఊరూ అడిగేది కుండ దింపాకే.

అది సంఘం హాలు. బానిసత్వం వదిలించుకున్న తాతముత్తాతలు ఏటి రాళ్లు మోసి కట్టుకున్నది. మొన్నటి తుపానుకి కప్పు ఎగిరిపోయింది. ఇవాళ పన్నెండింటికి రోజో పట్నం నుంచి ఆఫీసరు వస్తాడు. అప్పటికి నడి దూలం ఎక్కకపోతే పాడుబడిందని రాసి కూల్పిస్తాడు, హాలు నేలమట్టమే. పదకొండున్నర దాటింది.

"రానీ, ఆ ఆఫీసరు నెత్తినే దింపుదాం దూలాన్ని!" గోడ మీంచి అల్ఫాన్స్ మేస్త్రి అరిచాడు.

"వద్దయ్యా, బంగారంలాంటి దూలం, పాడైపోతుంది," అంది క్లోటిల్డమ్మ.

అందరూ పగలబడి నవ్వారు. జెర్వే మాత్రం తల దించుకుని తాడు చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. ఆఫీసరు మాట వచ్చినప్పుడల్లా వీపున చెమట పడుతోంది.

దూలం లేచింది. మనిషెత్తు. రెండు నిలువులు. ఉన్నట్టుండి అవతలి తాడు పుటుక్కున తెగింది. బరువంతా జెర్వే మీద పడింది. సరిగ్గా దూలం కిందే క్లోటిల్డమ్మ నిలబడి ఉంది.

"వదలకురా బాబూ!"

వదల్లేదు. అరచేతుల తోలు ఊడింది. మడమలు బురదలో దిగబడ్డాయి. ఈ దూలం పడకూడదు, ఈ హాలు కూలకూడదు అని ప్రాణం పెట్టి కోరుకున్నాడు. ఈలోగా పదిమంది పరుగెత్తుకొచ్చి అతని వెనక తాడందుకున్నారు. దూలం గోడల మీద కూర్చుంది. మేస్త్రి మేకులు దిగగొట్టాడు.

చర్చి గంట పన్నెండు కొట్టింది. అందరూ రోడ్డు వైపు చూశారు. జీపు జాడ లేదు.

"జడిసి రాలేదు సచ్చినోడు!" అంటూ క్లోటిల్డమ్మ చేపల పులుసు కుండ దింపింది. సీమపనస ముక్కలు రెండెక్కువ వేసి, మొదటి గిన్నె జెర్వేకే ఇచ్చింది. అతని చేతులు చూసి ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి.

"ఇప్పుడు చెప్పు నాయనా. ఎవరి బిడ్డవి? ఏ ఊరు?"

"మాది రోజో అమ్మా, ఇందాకట్నుంచి మీరంతా తిడుతున్న ఆ ఆఫీసర్ని నేనే," అన్నాడు జెర్వే, గిన్నె కింద పెట్టకుండానే.