నీళ్ళలాంటి డీజిల్

కొల్లేటి గట్టుకు అటూ ఇటూ రెండు చేపల చెరువులున్నాయి. ఒకటి బంగార్రాజుది, రెండోది అతని తోడల్లుడు చైతన్యది. ఆక్సిజన్ తగ్గి చేపలు చచ్చిపోకుండా రాత్రంతా డీజిల్ ఇంజన్లు నీళ్ళు చిలికే ఏరేటర్లను తిప్పుతుంటాయి. బంగార్రాజు ఇంజన్ నల్లటి పొగ కక్కుతుంది. చైతన్యకు మాత్రం గ్యాసు నుంచి తయారుచేసిన కొత్త డీజిల్‌ను గూడెం ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు వాడి చూడమని ఇచ్చారు. దానికి పొగ లేదు, కంపు లేదు. చూడ్డానికి అచ్చం మంచినీళ్ళే.

"మీరూ ఓ డబ్బా పట్టుకెళ్ళండి అన్నయ్యగారూ," అన్నాడు చైతన్య, ఏలూరు బయల్దేరుతూ.

ఆ మంచితనానికే బంగార్రాజు కడుపు మండింది.

చీకటి పడ్డాక గట్టు దాటాడు. తిరుగుతున్న ఇంజన్ ట్యాంకులోంచి గొట్టంతో డీజిలంతా డబ్బాలోకి లాగేసి, బదులు చెరువు నీళ్ళు నింపాడు. ఇంజన్ ఆగడం కోసం చూస్తూ నించున్నాడు.

ఆగలేదు. ట్యాంకులో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. నీళ్ళే. ఇంజన్ ఇంకా మెత్తగా తిరుగుతోంది.

"నీళ్ళు పోసినా నీకే నడుస్తుందిరా," అన్నాడు పళ్ళు కొరుకుతూ. భయం ఆ తర్వాతే వేసింది.

పరుగున తన గట్టుకు వచ్చి డబ్బాలోని డీజిల్ తన ఇంజన్లో పోశాడు. అది రెండు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది.

కాసేపటికి నీళ్ళలో టప్, టప్‌మని చప్పుడు. టార్చి వేశాడు. తన చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. రోజూ మేత వేసే తనవైపు ఒక్కటీ తిరగలేదు. వేలకొద్దీ తలలు, అన్నీ చైతన్య చెరువు వైపే.