నూట పన్నెండో నంబరు చీటీ

మంచం దిగని తమ్ముడి చీటీ మీద ఆరు వారాలుగా ఇంకెవరో వైద్యం చేయించుకుంటున్నారు.

అక్క రైల్వే ఆసుపత్రి కౌంటరు మీదికి వంగి రిజిస్టరు మళ్ళీ చూసింది. ఆమె సిటీబస్సు కండక్టరు. తమ్ముడి చీటీ ఇంట్లో ఎక్కడో పోయిందని, కొత్తది అడుగుదామని డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చింది. చీటీ నంబరు నూట పన్నెండు. దాని పక్కన ఆరు టిక్కులు ఉన్నాయి.

"మావాడు ఈ గుమ్మమే తొక్కలేదు."

"తొక్కకుండానే ఆరు సిట్టింగులు అయిపోయాయా మేడమ్?" అన్నాడు గుమస్తా.

"పేరు అడగరా? మొహం చూడరా?"

"పేరు అడగం. రైలు డ్రైవర్ల కోసం పెట్టిన పద్ధతి ఇది. పిచ్చి డాక్టరు దగ్గరికెళ్ళాడని షెడ్డులో తోటివాళ్ళు ఏడిపిస్తారు కదా. చీటీ చూపిస్తే లోపలికి పంపుతాం. ఏడోది ఇవాళే, నాలుగింటికి."

నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది. ఆమె తలుపు తట్టకుండానే డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది.

"మా తమ్ముడు రైలు డ్రైవరు. మూడు నెలల క్రితం వాడి బండి కింద ఒక మనిషి పడ్డాడు. అప్పట్నుంచీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి లేదు, స్నానం లేదు. వాడి గదికి లోపలి గడియ నేనే పీకేశాను. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. పోనీ ఇక్కడికి పంపుదామంటే మా నాన్న ఒకడు. రిటైరైన రైలు డ్రైవరు. 'మేం నడపలేదా బళ్ళు, మాకెవరు చెప్పారు మాటల వైద్యం' అని రోజూ కేకలు. వాడికి ముప్పై కూడా నిండలేదు డాక్టరమ్మా. ఇచ్చిందే పది సిట్టింగులు. ఆరు ఎవడో మింగేశాడు. మీరు దగ్గరుండి తినిపించారు."

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగింది. "ముప్పై నిండలేదా?" అంది.

"ఎవడు వాడు?"

"ఈ గదిలో విన్నది నేను బయట చెప్పను."

"చెప్పకండి. తగ్గిందా అయ్యగారికి?"

"రాని నిద్ర వస్తోంది. అంతకుమించి అడక్కండి."

"దొంగ నిద్రపోతున్నాడు. మావాడికి రెప్ప పడదు. బాగుంది మీ వైద్యం."

విసురుగా వరండాలోకి వచ్చి, మెట్లకి ఎదురుగా బెంచీ లాక్కుని కూర్చుంది. ఇంకొకడి పాసు మీద బస్సెక్కేవాణ్ణి పట్టుకోవడంలో ఆమెది పదేళ్ళ అనుభవం. ఇంజన్లో ఆ రోజు ఉన్నది ఇద్దరే. ఒకడు తమ్ముడు. రెండోవాడు అసిస్టెంటు డ్రైవరు. చీటీ ఇంటికి తెచ్చిచ్చింది కూడా వాడే. ఫోను తీసింది.

"మావాడి చీటీ వాడుకుంటున్నది నువ్వే కదూ. నిజం చెప్పు."

"నా చీటీ నాకుందక్కా. నా పదీ అయిపోయాయి. సోమవారం నుంచి మళ్ళీ బండెక్కుతున్నాను. హారన్ మీద చెయ్యి వేస్తే వణకడం లేదు. వాణ్ణి కూడా ఎలాగైనా పంపించక్కా."

"పంపడానికేం మిగిలింది..."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఫోను కట్ చేసి లేచి నిలబడింది. ముందు చీటీ పట్టుకున్న చెయ్యి కనిపించింది. ఆ తరువాత మనిషి.

"నాన్నా."

ఆయన చీటీ జేబులో పెట్టుకోబోయాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

"కన్నకొడుకు చీటీ దొంగిలించావా? వాడు ఇంట్లో చచ్చిపోతుంటే, వాణ్ణి వెళ్ళొద్దని నోరు పారేసుకుని, వెనక నుంచి నువ్వు వచ్చి కూర్చున్నావా? సిగ్గులేదా నీకు?"

ఆయన చెయ్యి విడిపించుకోలేదు.

"మావాడు రాడని చెప్పి, ఇది వీళ్ళ మొహాన కొట్టి పోదామనే వచ్చానమ్మా. నన్నే ఆ డ్రైవరనుకుని డాక్టరమ్మ కూర్చోబెట్టింది. 'పట్టాల మీద మనిషి మీ వంక చూశారా?' అని అడిగింది. చూసింది తల్లీ. నీ ఈడు పిల్ల. ముప్పై మూడేళ్ళ కిందట నా బండి కింద పడింది. మీ అమ్మకి కూడా చెప్పలేదు నేను. అది నోట్లోంచి రావడానికే ఆరు వారాలు పట్టింది. దొంగతనమే చేశాను, కాదనను. పొద్దున నువ్వు డ్యూటీకి వెళ్ళాక వాడి మంచం పక్కన కూర్చుని వాడికీ చెప్పాను. అంతా విని, లేచి చొక్కా వేసుకున్నాడు. కింద మెట్ల దగ్గర ఉన్నాడు."